మా నాయన తెలుగు

పోయిన నెల ఒక ఆదివారం గుడి తరగతిలో పిల్లలకు కొన్ని బొమ్మలిచ్చి, కింద పేర్లు రాయమన్నాను. ఎనిమిదేళ్ల పాప ఒకతె ఆవు, ఇల్లు, చెట్టు సరిగ్గానే రాసింది. చేప బొమ్మ కింద మాత్రం "సేప" అని రాసింది. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్తున్నదాన్ని, తప్పు కనిపిస్తే నా చెయ్యి నన్నడగదు. పెన్ను కాగితం దాకా వెళ్లింది. అంతలో ఆ పాప, "మా తాత ఇలాగే అంటాడు టీచర్" అంది.

నా చెయ్యి ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో మీకు చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మా నాయన గురించి చెప్పాలి.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది నాలాంటివాళ్లే అనుకుంటాను. తెలుగు ఇంట్లో సగం విన్నారు, మిగతా సగం గుడిలో నేర్చుకున్నారు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతారు. మీకోసం చిన్న మాటలతోనే రాస్తాను. ఒక సంగతి ముందే చెప్తున్నాను. పెద్దవాళ్ల గురించి రాసేటప్పుడు "అన్నారు", "వెళ్లారు" అని రాయాలని మీకు తరగతిలో చెప్పి ఉంటారు. నేనే చెప్పి ఉంటాను. కానీ మా ఇంట్లో నాయనను "నువ్వు" అనే పిలిచాం. "నాయన వచ్చాడు" అనే అన్నాం. ఇక్కడ "వచ్చారు" అని రాస్తే ఆ మనిషి మా నాయనలా ఉండడు. అందుకని "వచ్చాడు" అనే రాస్తున్నాను. గౌరవం లేక కాదు.

మనవాళ్లు ఈ దేశానికి ఎలా వచ్చారో మీకు తెలుసు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా ఒప్పంద కూలీలు నటాల్‌కు వచ్చారు. ఐదేళ్ల ఒప్పందం. ఎక్కువమందికి చెరకు తోటల్లో పని. మా నాయన తాత వాళ్లలో ఒకడు. ఓడ జాబితాలో ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది గుర్తు, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. జిల్లా విశాఖపట్నం. ఊరి పేరు మాత్రం గుమస్తా తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఎన్నిసార్లు చదివినా అది ఏ ఊరో మాకు అర్థం కాలేదు. ఎడమ మోకాలి మీద మచ్చ ఉందని మాత్రం స్పష్టంగా ఉంది. నేనది చదివి చెప్పగానే నాయన ప్యాంటు పైకి లాగి తన మోకాలు చూసుకున్నాడు. "నాకు లేదే" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

నాయన 1937లో డర్బన్‌లో, మ్యాగజైన్ బ్యారక్స్‌లో పుట్టాడు. డర్బన్ కార్పొరేషన్ తన భారతీయ పనివాళ్ల కోసం కట్టించిన గదుల వరసలవి. మా తాత కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాడు. ఇంటిల్లిపాదికీ ఒకటే గది. నీళ్ల కుళాయి అందరికీ కలిపి ఒకటి. పక్క గదిలో తమిళం, ఎదురు గదిలో తెలుగు. ఒక ఇంట్లో చారు పొంగితే ఆ వాసన వరస మొత్తానికి తెలిసేది. అలాంటి చోట పెరిగినవాడికి తలుపు మూసుకోవడం ఎలా తెలుస్తుంది? మా నాయన బతికినన్నాళ్లూ ఇంటి ముందు తలుపు పగలు మూసి ఉండగా నేను చూడలేదు.

నాలుగో తరగతితో బడి మానేశాడు. పద్దెనిమిదేళ్లకు బస్సు కండక్టర్ అయ్యాడు. ఆ తర్వాత డ్రైవర్. 1999 దాకా బస్సే ఆయన బతుకు.

1960లలో మ్యాగజైన్ బ్యారక్స్‌లోని వాళ్లందరినీ చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఏ జాతి వాళ్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే గీత గీసి చెప్పిన కాలం అది. ఆ చట్టం 1950లో వచ్చింది. తరతరాలుగా పక్కపక్కన బతికినవాళ్లను కొత్త ఇళ్లలోకి చెల్లాచెదురు చేశారు. మొదటి రోజు సంగతి అమ్మ ఎన్నోసార్లు చెప్పేది. సామాన్ల మూటల మధ్య కూర్చుని అమ్మ ఏడుస్తోందట. వీధిలో ఒక్క ముఖమూ తెలిసినది కాదు. నాయన చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. పక్కింటి తలుపు తట్టి, "అగ్గిపెట్టె ఉందా?" అని అడిగాడు. ఆ పక్కింట్లోనూ అదే అడిగాడు. ఆ వరసలో ఉన్న ప్రతి ఇంట్లోనూ అగ్గిపెట్టె అడిగాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎవరింట్లో ఎందరు పిల్లలో, ఎవరిది ఏ ఊరో, ఎవరికి మోకాళ్ల నొప్పో అన్నీ తెలుసుకుని వచ్చాడు. రాత్రి చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నిండు అగ్గిపెట్టె ఒకటి ఉందని అమ్మ నవ్వేది.

మా నాయన అలాంటివాడు.

నేను ఆ ఇంట్లోనే 1968లో పుట్టాను. చిన్నప్పుడు నాయనతో ఎక్కడికైనా వెళ్లడమంటే నాకు విసుగు. రొట్టె కొనడానికి మూలమీది దుకాణానికి పది నిమిషాల్లో వెళ్లి రావచ్చు. నాయనతో వెళితే గంట. ప్రతి గేటు దగ్గరా ఆగాలి. ప్రతి మనిషినీ పలకరించాలి. బస్సులోనూ అంతే. టికెట్ ఇవ్వడం ఒక పని, పలకరించడం ఇంకో పని. తమిళం వాళ్లతో తమిళం, హిందీ వాళ్లతో రెండు ముక్కల హిందీ, జులూ వాళ్లతో జులూ. జులూలో "సావుబోనా" అంటే "నిన్ను చూశాం" అని అర్థమని నాకు చెప్పింది ఆయనే. "చూడు, ఎంత మంచి మాటో. మనిషిని చూసి చూడనట్టు పోకూడదని ఆ మాటలోనే ఉంది" అనేవాడు.

తెలుగు వాళ్లతో తెలుగు. నాతోనూ తెలుగే. పన్నెండేళ్లు వచ్చేదాకా.

పదేళ్లప్పుడు నన్ను గుడిలో తెలుగు తరగతికి పంపాడు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. ఇరవై మంది పిల్లలం, నాలుగే పుస్తకాలు. ఇండియా నుంచి ఎవరో తెచ్చిన పెద్ద బాలశిక్ష ఒకటి అట్ట ఊడిపోయి ఉండేది. మా గురువుగారు దాన్ని బట్టలో చుట్టి పెట్టేవారు. నాయనకు తెలుగు చదవడం రాదు. తన పేరు కూడా తెలుగులో రాయలేడు. నేను మొదటిసారి ఆయన పేరు రాసి చూపిస్తే ఆ కాగితాన్ని మడిచి బస్సులో పెట్టుకున్నాడు. వేమన పద్యాల పోటీలో నాకు బహుమతి వస్తే చివరి వరసలో లేచి నిలబడి ఈల వేశాడు. పెద్దలంతా వెనక్కి తిరిగి చూశారు. నాకు ప్రాణం పోయినంత పనయింది.

ఇప్పుడు 1980 జులై సంగతి చెప్తాను.

చలికాలంలో మన తీరానికి సార్డీన్ చేపల గుంపులు వస్తాయని మీకు తెలుసు. వార్త తెలిస్తే చాలు, జనం బకెట్లతో సముద్రం దగ్గరికి పరుగెత్తుతారు. ఆ రోజు నాయనకు సెలవు. ఎవరిదో లారీ ఎక్కి వెళ్లి, సాయంత్రానికి నాలుగు బకెట్ల నిండా చేపలు తెచ్చాడు. మాకు ఒక బకెట్ చాలు. మిగతావి వీధికి. వీధి మొదట్లోనే లారీ దిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"సేపలొచ్చాయి! సేపలొచ్చాయి! రండి, గిన్నెలు తెచ్చుకోండి!"

ఆ సమయానికి మా గురువుగారు మా ఇంటి గేటు దగ్గర ఉన్నారు. పండుగ కార్యక్రమం గురించి మాట్లాడడానికి వచ్చారు. ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చేశారు. నా ఈడు పిల్లలు ఉన్నారు. తరగతిలో నాకు మొదటి స్థానం. చ వేరు, స వేరు అని ఆ నెలలోనే నేర్చుకున్నాం.

నేను గట్టిగా అన్నాను. "నాయనా, సేపలు కాదు. చేపలు. చ, చ."

నాయన నవ్వాడు. "అవునమ్మా" అన్నాడు. నా ముఖం చూస్తూ ఆ మాట పలకడానికి ప్రయత్నించాడు. రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి ఇంకేదో వచ్చింది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. గురువుగారు నవ్వలేదు. ఆయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. నాయన చేపలు పంచడంలో పడ్డాడు. అందరి గిన్నెలూ నిండాయి. ఆ రాత్రి అమ్మ చింతపండు వేసి చేపల పులుసు పెట్టింది. అందరం తిన్నాం.

మరునాటినుంచి నాయన నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు.

నేను గమనించలేదు. ఇది మీరు నమ్మాలి. పన్నెండేళ్ల పిల్లకు స్నేహితులూ బడీ ఎక్కువ. అమ్మ తెలుగు మాట్లాడుతూనే ఉంది. నాయన ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. ఆ రోజుల్లో మా వీధిలో అన్ని ఇళ్లలోనూ ఇంగ్లీషు పెరుగుతోంది. కాలం మారింది అనుకున్నాను. టీచర్ ట్రైనింగ్‌కు వెళ్లాక హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే నాయన ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడి, ఫోన్ అమ్మకు ఇచ్చేవాడు. ఊరంతటితో గంటలు మాట్లాడే మనిషి నాతో నాలుగు మాటలు! అప్పుడూ నాకు తట్టలేదు. నేను మాత్రం పట్టుదలగా తెలుగు చదివాను. పరీక్షలు రాశాను. గుడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంట్లో తెలుగు బాగా వచ్చినదాన్ని నేనే అనుకున్నాను.

వీధిలో మాత్రం నాయన ఏమీ మారలేదు. 1994 ఏప్రిల్ 27న అన్ని జాతుల వాళ్లూ కలిసి మొదటిసారి ఓటు వేసిన రోజు మీ ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వరస చాలా పొడుగు. నాయన తన ఓటు వేసి ఇంటికి రాలేదు. మా వంటింట్లోని కుర్చీలన్నీ మోసుకెళ్లి వరసలో నిలబడ్డ ముసలివాళ్ల కింద వేశాడు. మూడుసార్లు టీ కాయించి పట్టుకెళ్లాడు. సాయంత్రానికి రెండు కప్పులు తక్కువ వచ్చాయి, ఒక కుర్చీ ఎక్కువ వచ్చింది. 1997లో మన మానింగ్ రేంజర్స్ కొత్త ఫుట్‌బాల్ లీగ్‌లో మొట్టమొదటి ఛాంపియన్లు అయినప్పుడు అరవై ఏళ్ల మనిషి రోడ్డు మధ్యలో నాట్యం చేశాడు. కుర్రవాడిగా కరీస్ ఫౌంటెన్ మైదానంలో గోడ ఎక్కి ఆటలు చూసినవాడు. ఆ సంతోషం ఆయనకు చెల్లుతుంది.

మా అబ్బాయి 1998లో పుట్టాడు. మరుసటి ఏడు నాయన పని మానేశాడు. నేను బడికి వెళ్లాలి కాబట్టి పిల్లవాడు పగలంతా తాత దగ్గరే. ఒకరోజు నేను త్వరగా ఇంటికొచ్చాను. తలుపు తెరిచే ఉంది. వంటింట్లోంచి నాయన గొంతు వినిపించింది.

"ఏటిరా? బువ్వ తింతావా? కూకో మరి. కూకుంటేనే బువ్వ."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎన్నాళ్లయింది ఆ గొంతులో ఆ మాటలు విని! చిన్నప్పుడు నన్ను కూర్చోబెట్టింది కూడా ఈ "కూకో"యే. పిల్లవాడు ఏదో అన్నాడు. నాయన పెద్దగా నవ్వి, "నాను సెప్పానా లేదా?" అన్నాడు. నేను లోపలికి అడుగుపెట్టాను. నాయన నన్ను చూశాడు. మనవడి వైపు తిరిగి, అదే మాటను ఇంగ్లీషులో చెప్పాడు.

ఆ రోజు తెలిసింది నాకు. కాలం మారలేదు. నాయన మరిచిపోలేదు. నేను వింటుంటే మాట్లాడడం లేదు, అంతే.

తెలిశాక ఏం చేశానని అడుగుతారేమో. ఏమీ చేయలేదు. పందొమ్మిదేళ్ల నాటి సంగతి ఎలా ఎత్తుతారు? బడిలో నలభై మంది పిల్లల ముందు నిలబడి మాట్లాడగలను. మా నాయన ముందు ఆ ఒక్క మాట అనలేకపోయాను. తరగతిలో మాత్రం పెన్ను కొంచెం నెమ్మదిగా కదిలేది.

2007లో నాయనకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆయనను ఇండియా తీసుకెళ్లాం. ఊరి పేరు తెలియదు కాబట్టి జిల్లాకే వెళ్దామన్నాడు. విశాఖపట్నంలో దిగాం. మా నాయనమ్మ కష్టం వస్తే "అప్పన్నా" అనేదని నాయనకు గుర్తు. ఆ అప్పన్న సింహాచలం కొండమీద ఉన్న దేవుడని నేను పుస్తకాల్లో చదివాను. ఏడాది పొడుగునా ఆ స్వామి చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే కనిపిస్తుంది. మేము వెళ్లినప్పుడు చందనంలోనే చూశాం. నాయన చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

విశాఖలో ఆ రెండు రోజులూ మాట్లాడే పని నాదే. హోటల్లో, ఆటోలో, దుకాణాల్లో నేనే మాట్లాడాను. వాళ్లకు అర్థమయ్యేది. కానీ ఒక్క క్షణం ఆగి నా ముఖం చూసేవారు. ఒక ఆటో అబ్బాయి మర్యాదగానే అన్నాడు, "మీరు టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు మేడమ్" అని. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

గుడి బయట ఒక ముసలావిడ అనాస పండ్లు అమ్ముతోంది. ఆ కొండ అనాసకు పేరు. ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి ఇస్తోంది. నేను పర్సు తీసి, "అమ్మా, ఈ పండు వెల ఎంత?" అని అడిగాను. ఆవిడకు వినపడలేదో, అర్థం కాలేదో, కళ్లు చిట్లించి చూసింది. అప్పుడు నాయన నన్ను దాటి ముందుకు వెళ్లి ఆవిడ ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఏటి తల్లీ, పండెంత?"

ఆవిడ ముఖం విప్పారింది. "ఇంద, తిను బాబూ. తిన్నాక సూద్దాం" అని ఒక ముక్క చేతిలో పెట్టింది. "ఏ ఊరు మీది?"

"డర్బన్ తల్లీ."

"అదెక్కడ? ఇజీనగరానికి ఇవతలా, అవతలా?"

నాయన పండు నములుతూ ఆలోచించాడు. "అవతలే తల్లీ. సేనా అవతల."

"అయితే మనోళ్లే" అంది ఆవిడ.

తర్వాత అరగంట ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆవిడ మోకాళ్ల నొప్పులు, కొడుకు ఉద్యోగం, కోడలి గయ్యాళితనం అన్నీ వచ్చాయి. నాయన తన బస్సు గురించి చెప్పాడు, అమ్మ పోయిన సంగతి చెప్పాడు. "సేప", "నాను", "ఏటి", "కూకో" అన్నీ ఇద్దరి నోళ్లలో అటూ ఇటూ తిరిగాయి. నేను నలభై ఏళ్లుగా మా వీధిలో పుట్టిన తప్పులనుకున్న మాటలు, సముద్రానికి ఇవతల ఒక ముసలావిడ నోట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ మాటలు మా నాయన చెడగొట్టినవి కావు. ఆయన తాత ఓడలో తెచ్చినవి. ఒక పుస్తకం లేదు, ఒక బడి లేదు. చెరకు తోటలో, బ్యారక్స్ గదిలో, బస్సులో నోటినుంచి నోటికి వందేళ్లు మోసుకొచ్చిన మాటలవి. ఓడ జాబితాలో గుమస్తా చెడగొట్టిన ఊరి పేరు మాకు దొరకలేదు. ఆ ఊరి మాట మాత్రం మా ఇంట్లోనే ఉండింది. దాన్ని ఇంట్లోంచి బయటికి పంపింది నేను.

కొండ దిగే బస్సులో మా అబ్బాయి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నాయన నా పక్కన. డ్రైవర్ మలుపులు ఎలా తిప్పుతున్నాడో కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి అన్నాడు:

"ఏటి టీచరమ్మా? పాసయ్యానా?"

ఇరవై ఏడేళ్ల తర్వాత నాతో అన్న మొదటి తెలుగు మాట అది. నేను తల ఊపాను. నోట మాట రాలేదు.

ఇంటికొచ్చాక నాయన నాతో మళ్లీ తెలుగు మాట్లాడాడు. అంతా సరిపోయిందని అనుకోకండి. మధ్యమధ్యలో ఒక మాట అనబోయి ఆగేవాడు, నా కళ్లలోకి చూసేవాడు, ఇంకో మాట వెతుక్కునేవాడు. ఆ ఆగడం చివరిదాకా పూర్తిగా పోలేదు.

2015లో ఒక సాయంత్రం ఇద్దరం వసారాలో కూర్చుని ఉన్నప్పుడు అడిగేశాను. "ఆ చేపల రోజు గుర్తుందా నాయనా? నేను అలా అనకూడదు. నీకు కోపం వచ్చింది కదా?"

ఆయన చాలాసేపు వీధి వైపు చూశాడు. దారిన పోయేవాడెవడికో చెయ్యి ఊపాడు. తర్వాత అన్నాడు: "కోపం కాదమ్మా. సిగ్గు."

"ఎందుకు సిగ్గు?"

"సదువుకున్న పిల్ల ముందు తప్పు మాట్లాడతానేమో అని. నువ్వు నేర్సుకోవాలనే కదా నాను పంపింది. నేర్సుకున్నావు. బాగుంది. ఇంకేటి?"

అంతే అన్నాడు. లేచి వెళ్లి టీ పెట్టాడు.

పోలీసు ముందు సిగ్గుపడలేదు ఆయన. బస్సు యజమాని ముందు సిగ్గుపడలేదు. తెలియని వీధిలో ప్రతి తలుపూ తట్టడానికి సిగ్గుపడలేదు. లోకంలో ఒక్క నా ముందే సిగ్గుపడ్డాడు. కోపమని చెప్పి ఉంటే నాకు బాధ తక్కువగా ఉండేది.

ఆ మరునాడు నాలుగు గీతల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. రోజూ సాయంత్రం ఆయన మాటలు రాసుకున్నాను. ఆయన చెప్పినట్టే, ఒక్క అక్షరం దిద్దకుండా. మొదటి పేజీలో మొదటి మాట "సేప". అలా నాలుగేళ్లు రాశాను.

2019 జూన్‌లో నాయన పోయాడు. ఎనభై రెండేళ్లు. నిద్రలోనే పోయాడు. సార్డీన్లు వచ్చే కాలమే. మా వీధిలో రెండు వైపులా కార్లు నిలిచాయి. మోబెనీ హైట్స్ నుంచి తిరిగి వచ్చాక కూడా మనుషులు వస్తూనే ఉన్నారు. చీకటి పడే వేళ ఒక జులూ పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. మా పేటలో ఒక ఇంట్లో పని చేసేదట. పన్నెండేళ్లు నాయన బస్సులో పొద్దున్నే ఎక్కేదట. తాను ఆలస్యమై పరుగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి బస్సు ఆపేవాడట. నేను జులూలో కృతజ్ఞతలు చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. నా ముఖంలోకి చూసి, తెలుగులో అడిగింది.

"బాగున్నావా తల్లీ?"

నాకు నోట మాట రాలేదు.

ఆమె నవ్వింది. "రోజూ అలాగే అడిగేవాడు. నేను జులూలో పలకరించేదాన్ని, ఆయన తన భాషలో పలకరించేవాడు. ఇంకా కొన్ని నేర్పించాడు. ఎండ. వాన. చేప" అంది. కాదు, "సేప" అంది.

ఎనభైల నాటి సంగతి అది. ఇంట్లో నాతో ఇంగ్లీషు మాట్లాడిన ఆ సంవత్సరాల్లోనే నాయన రోజూ పొద్దున్న బస్సులో తెలుగు నేర్పిస్తున్నాడు. పలక లేదు, ఎర్ర పెన్ను లేదు. ఎవరూ సిగ్గుపడలేదు.

ఇప్పుడు ఆ పాప నోటుపుస్తకం దగ్గరికి వస్తాను. నేను ఎర్ర పెన్ను మూత పెట్టేశాను. పెన్సిల్ తీసుకుని, "సేప" పక్కనే "చేప" అని రాశాను. దాన్ని కొట్టేయలేదు. "రెండూ మనవే. పరీక్షలో ఇది రాయి. మీ తాతతో అది మాట్లాడు" అని చెప్పాను. పాప రెండింటినీ చదివింది. "మా తాత దగ్గర ఇంకా చాలా ఉన్నాయి టీచర్" అంది. "వచ్చే వారం పది రాసుకుని రా" అన్నాను.

మంచి తెలుగు నేర్చుకోవద్దని నేను చెప్పడం లేదు. నేర్చుకోండి. పుస్తకం తెలుగు రాకపోతే ఈ నాలుగు పేజీలు నేను రాయలేను, మీరు చదవలేరు. మా నాయన ఆ రెండు గంటల తరగతికి నన్ను పంపకపోతే ఆయన మాటలు రాసిపెట్టడానికి నాకు అక్షరాలే ఉండేవి కావు. కానీ అక్షరాలు వచ్చిన మనకు ఇంట్లో ఒక పని ఉంది. మీ తాత, మీ అవ్వ, మీ నాయన ఏదైనా మాట అంటే అది మీ పుస్తకంలో లేదని తప్పు అనకండి. "ఇంకోసారి చెప్పు" అనండి. చెప్పినట్టే రాసుకోండి. ఆ మాట తప్పో ఒప్పో తర్వాత చూసుకోవచ్చు.

మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. తెలుగు చదవడం అంతంత మాత్రం. "నేను" అని రాస్తాడు, "నాను" అంటాడు. మొన్న తన ఇంట్లో కొత్తగా దిగినప్పుడు సాయం చేయడానికి వెళ్లాను. పెట్టెలు దించుతుంటే మనిషి కనిపించలేదు. బయటికి వెళ్లి చూశాను. పక్కింటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

అగ్గిపెట్టె అడుగుతున్నాడు.